బడాబాబు పడుకున్నారు

మా మామగారు సాంబశివరావుగారు తమ అరవై ఎనిమిదేళ్ళ జీవితంలో నిద్రపోతున్న ప్రాణిని ఒక్కదాన్ని కూడా లేపలేదు. ఆయనకు చేతకాదు. ఇంట్లోకి వచ్చిన దొంగ అలసిపోయి సోఫాలో కునుకు తీస్తే, వాడి మీద దుప్పటి కప్పి, వాడంతట వాడు లేచాక పోలీసులకు ఫోన్ చేసే రకం.

దీనికి మొదటి సాక్షి మా అత్తగారు శారదాదేవి. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ విశాఖపట్నంలో ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్ వచ్చారు. మూడు రోజులు వాంతులతో సతమతమై, సరిగ్గా ఓడ రేవులోకి వచ్చే గంటకు ఆవిడకు నిద్ర పట్టింది. ఓడ ఆగింది. జనం దిగారు. సామాను దిగింది. మామగారు మాత్రం బెర్తు పక్కన పెట్టె మీద కూర్చుని ఉన్నారు. రెండు గంటల తర్వాత ఊడ్చేందుకు వచ్చినామె "దీదీ, ఉఠో, జహాజ్ ఖాలీ హో గయా" అని, ఓడ ఖాళీ అయిపోయింది లెమ్మని తట్టి లేపిందట.

"ఈ గడ్డ మీద నన్ను మొదట లేపింది నా మొగుడు కాదమ్మా, స్వీపరు" అని అత్తగారు నలభై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు.

తర్వాత ఆయన ఓడ టికెట్లు ఇచ్చే ఆఫీసులో గుమాస్తాగా చేరారు. అక్కడ జోగులు అని ఒక ప్యూను. మధ్యాహ్నం భోంచేశాక రబ్బరు స్టాంపు గుప్పిట్లో పట్టుకుని బల్ల మీద తల వాల్చేవాడు. మామగారు లేపలేక, టికెట్ల మీద ముద్ర ఉండాల్సిన చోట 'ముద్ర తరువాత వేయబడును' అని చేత్తో రాసి ఇచ్చేవారు. ఒకసారి అలాంటి టికెట్లతో నూట పదిమంది హావ్‌లాక్ దీవికి వెళ్ళి వచ్చేశారు. మెమో ఇచ్చిన ఆఫీసరు, "లేపితే ఏం పోయింది?" అని అడిగాడట. "సార్, వాడు అప్పుడే బోర్లా తిరిగాడు" అని ఈయన జవాబు.

జంగ్లీఘాట్ ఆటోస్టాండులో నిద్రపోతున్న డ్రైవరు వెనక సీట్లో గంటంబావు కూర్చున్న చరిత్ర కూడా ఉంది. వాడు లేచి, అద్దంలో ఈయన ముఖం చూసి హడలిపోయి, "బాబూజీ, ఎప్పుడెక్కారు?" అన్నాడు. "నువ్వు పడుకున్న కాసేపటికే నాన్నా. తొందరేం లేదు, ముఖం కడుక్కో" అన్నారీయన. గేటుకు అడ్డంగా కుక్క పడుకుంటే ప్రహరీగోడ ఎక్కి దూకేవారు. మోకాలి నొప్పి వచ్చాక, దూకడం మానేసి కుక్క లేచేదాకా వీధిలోనే నిలబడేవారు.

ఎందుకిలా అని ఒకసారి అడిగాను.

"పడుకున్నవాడికి లోపల ఏం జరుగుతోందో మనకు తెలియదు కదమ్మా. తెలియని పనిలో మధ్యలో ఎందుకు వెళ్ళడం?"

ఈ అలవాటుకు నేనూ బలయ్యాను. పెళ్ళయి అత్తవారింట్లో తొలి ఉదయం నాకు మెలకువ వచ్చేసరికి పదిన్నర. తలుపు తీస్తే హాల్లో పధ్నాలుగుమంది బంధువులు వరసగా కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడటం లేదు. చేతుల్లో చల్లారిపోయిన ఉప్మా. చెంచా పళ్ళానికి తగిలితే చప్పుడవుతుందని మామగారు తిననివ్వలేదు. మా ఆయన ఉదయ్‌కుమార్ మేనత్త ఒకావిడ, "లేచావా తల్లీ, ఇక దగ్గొచ్చా?" అని అడిగింది. నాకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. ఆ సాయంత్రం ఆయన్ని పక్కకు పిలిచి, "మామయ్యగారూ, మీకు దండం పెడతాను. నా నిద్ర గురించి ఇంకెప్పుడూ ఎవరితోనూ మాట్లాడకండి" అన్నాను. "మాటిస్తున్నానమ్మా" అన్నారు. ఇచ్చారు కూడా.

ఇక బడాబాబు సంగతి.

రిటైరయ్యాక మామగారు పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, గరాచర్మలో ఇల్లు కట్టుకున్నారు. ముందు చిన్న తోట, క్రోటన్ మొక్కలు. ఆ మొక్కల్లో ఒక తొండ ఉండేది. తోక సగానికి తెగి మొండిగా ఉండేది కాబట్టి దాన్ని ఎక్కడున్నా గుర్తుపట్టవచ్చు. మామగారు పొద్దున్నే కాఫీ గ్లాసుతో దాని ఎదురుగా కూర్చుని పేపరు చదివి వినిపించేవారు. అది ప్రతి వార్తకూ తల ఊపేది. ఆయన ఆఫీసులో హెడ్ క్లర్కును అందరూ బడాబాబు అనేవారు. ఆ హెడ్ క్లర్కు కూడా ప్రతి అర్జీకీ తల ఊపి, దేని మీదా సంతకం పెట్టేవాడు కాదట. ఆ పోలిక చూసి తొండకు బడాబాబు అని పేరు పెట్టారు.

జనవరిలో వానలు పూర్తిగా తగ్గిపోయాక బడాబాబు కనబడటం మానేశాడు. నాలుగు రోజులు మామగారు క్రోటన్ల ముందు ఒంటరిగా పేపరు చదివారు. ఐదో రోజు అత్తగారు కరివేపాకు కుండీలో మట్టి గుల్ల చేయబోయి, కెవ్వున కేకేసి, గరిటె అవతల పారేశారు. మట్టిలో జానెడు లోతున బడాబాబు. కళ్ళు మూసుకుని, చల్లగా, కర్రముక్కలా ఉన్నాడు.

"చచ్చిపోయిందండీ" అన్నారు అత్తగారు.

మామగారు వంగి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. "అమ్మా, వాసవీ, నువ్వోసారి చూడు."

నేను పెద్దాసుపత్రిలో నర్సుని. "మామయ్యగారూ, నేను మనుషుల నర్సునండీ" అన్నాను. అయినా ఆ ముఖం చూసి కాదనలేక, ఒక వేలు దాని పక్కటెముకల మీద పెట్టాను. ఏమీ లేదు. తీసేద్దామనుకునేసరికి, వేలి కింద సన్నగా ఒక కదలిక. మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ ఒకటి. నాకు తెలియకుండానే వాచీ చూసి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"బతికే ఉంది. ఊపిరి మరీ నెమ్మదిగా ఉంది, అంతే."

"అంటే పడుకున్నాడు" అన్నారు మామగారు. ఆ మాట అన్నప్పుడే ఆయన గొంతు గుసగుసలోకి దిగిపోయింది. మూడు నెలలదాకా మళ్ళీ పైకి రాలేదు.

వెంటనే వీధి చివరి గురునాథంగారిని పిలిపించారు. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మనిషి. కుండీ చుట్టూ మూడుసార్లు తిరిగి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"చలి దేశాల్లో తొండలు చలికాలమంతా పడుకుంటాయి సాంబశివరావ్. ఇక్కడ చలేదీ? వానలు పోయి పురుగులు తగ్గితే కొన్ని ఇలా అణిగి ఉంటాయేమో. నేను పుస్తకం చూసి చెప్పానే గాని ఎప్పుడూ చూడలేదు. నాకూ చూడాలనే ఉంది."

"ఎన్నాళ్ళు పడుకుంటాడు?"

"దానికే తెలియాలి."

"మధ్యలో లేస్తే?"

"ఒంట్లో దాచుకున్న బలం అనవసరంగా ఖర్చయిపోతుంది. బయట తిండి లేదు. చచ్చిపోయినా పోవచ్చు. మట్టి కొద్దిగా తడిగా ఉండాలి, ఎక్కువ కాకూడదు. నీడ ఉండాలి. అన్నిటికన్నా చీమలతో జాగ్రత్త. నిద్రలో ఉన్నదాన్ని చీమలు తినేస్తాయి."

జీవితంలో ఎవరినీ లేపని మనిషికి, లేపితే చచ్చిపోయే ప్రాణిని అప్పగించినట్టయింది.

ఇల్లు వెతకడం మొదలైంది. కరివేపాకు కుండీ పనికిరాదు, అత్తగారు రోజూ ఆకు కోస్తారు. బియ్యం డ్రమ్ములో గాలి ఆడదు. చేపలమ్మే బుల్లెమ్మ తన పాత థర్మోకోల్ పెట్టె ఇచ్చింది. దాన్ని నాలుగుసార్లు సబ్బుతో కడిగినా వాసన పోలేదు. సాయంత్రానికి గరాచర్మలో ఉన్న పిల్లులన్నీ మా వరండాలో సభ తీర్చాయి. చివరికి ఒక సిమెంటు తొట్టి కుదిరింది. అందులో ఇసుక కలిపిన గుల్ల మట్టి, పైన కొబ్బరి పీచు, దాని మీద నీడకు పగిలిన పెంకు. బడాబాబు లేస్తే బయటికి రావడానికి పెంకు పక్కన నాలుగు వేళ్ళు పట్టే సందు. తొట్టిని స్టూలు మీద పెట్టి, చీమలు ఎక్కకుండా స్టూలు నాలుగు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టారు. గిన్నెలు అత్తగారివి. ఆ మూడు నెలలూ మేము పెరుగు స్టీలు చెంబులో తోడుపెట్టుకున్నాం.

బడాబాబును కొత్తింట్లోకి మార్చడానికి నన్నే పిలిచారు. కింద ఉన్న మట్టితో సహా రెండు చేతుల్లో ఎత్తి, తొట్టిలో పెట్టి, పైన మట్టి జారవిడిచాను. ఆపరేషన్ థియేటర్లో కూడా నేనంత నిశ్శబ్దం చూడలేదు. గురునాథంగారు ఊపిరి బిగబట్టి, చివరికి పొలమారి, వీధిలోకి పరుగెత్తి దగ్గి వచ్చారు.

ఆ తర్వాతి వారమే నాకు నైట్ డ్యూటీలు మొదలయ్యాయి. మా వార్డులో ఇద్దరు ప్రసూతి సెలవు మీద వెళ్ళారు. సాయంత్రం వెళ్తే, పొద్దున్న తొమ్మిదికి గరాచర్మ బస్సు దిగేదాన్ని. ఉదయ్ ఏమో ద్వీపాల మధ్య తిరిగే పడవ మీద ఇంజన్ పని, నెలకు వారం ఇంట్లో ఉంటే గొప్ప. కాబట్టి ఇక్కడి నుంచి నేను చెప్పేవాటిలో చూసినవి కొన్ని, సాయంత్రాలు అత్తగారు చెప్పగా విన్నవి కొన్ని.

మొదట తొట్టి వెనక వరండాలో ఉండేది. వారం తిరక్కుండానే మామగారు దాన్ని ఇంటి పక్కకు, వీధివైపు కిటికీ కిందికి మార్పించారు.

"వెనకే బాగుంది కదండీ, ఇటు వీధి గోల" అన్నారు అత్తగారు.

"ఇటు గాలి బాగా వస్తుంది. వీధి సంగతి నేను చూసుకుంటాను" అన్నారాయన.

చూసుకున్నారు. మొదట గేటుకు ఒక అట్ట వేలాడింది. తెలుగులో 'ఇచ్చట ప్రాణి నిద్రించుచున్నది, శబ్దము చేయరాదు' అని రాశారు. తెలుగు చదవలేని వాళ్ళ కోసం కింద హిందీలో 'బడాబాబూ సో రహే హైఁ', అంటే బడాబాబు పడుకున్నారు, అని రాశారు. ఆ రెండో ముక్కతో చిక్కొచ్చింది. కరెంటు మీటరు చూసే కుర్రాడు చెప్పులు విప్పి చేత పట్టుకుని లోపలికి వచ్చి, "ఆంటీ, సాబ్‌కి తబియత్ బాగాలేదా?" అని అడిగాడు. ఎవరో పెద్ద అధికారి మా ఇంట్లో విశ్రాంతి తీసుకుంటున్నాడని పుకారు లేచింది. గోల్ ఘర్ నుంచి ఒకాయన యాపిల్ పళ్ళు తీసుకొచ్చి, కొడుకు బదిలీ సంగతి సాబ్ చెవిన వేయమన్నాడు. మామగారు అబద్ధమాడలేదు. "చెబుతాను గాని, ఆయన తల ఊపుతాడు, అంతకన్నా ఏమీ చేయడు" అన్నారు. "అది చాలు భయ్యా" అని ఆయన సంతోషంగా వెళ్ళిపోయాడు.

ఇంట్లో కుక్కరు పెరట్లోకి వెళ్ళింది. మిక్సీ స్నానాల గదిలోకి వెళ్ళింది. టీవీకి నోరు పోయింది. అత్తగారు సీరియల్ బొమ్మలు మాత్రమే చూసి, కథ తనే అల్లుకుని, సాయంత్రం నాకు చెప్పేవారు. తర్వాత ఒకరోజు అసలు కథ తెలిసి నిరాశపడ్డారు. "నాదే బాగుంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

బుల్లెమ్మ దగ్గర కష్టమైంది. ఆమె 'వంజరాలో, సూరలో' అని కేకేస్తే రెండు బస్టాపుల అవతల వినబడుతుంది.

"అరిసి అమ్ముకునే దాన్ని బాబూ. నోరు కట్టేసుకుంటే నా సేపలెవలు కొంటారు?"

"నువ్వు ఆ మలుపు దగ్గర కూర్చో బుల్లెమ్మా. మిగతాది నేను చూస్తాను."

మామగారు జన్మలో చేప ముట్టని మనిషి. ఆ రోజు నుంచి ఆయనే ఇంటింటికీ వెళ్ళి, తలుపు సందులో ముఖం పెట్టి, అటూ ఇటూ చూసి, "వంజరం వచ్చింది, మలుపు దగ్గరుంది" అని గుసగుసగా చెప్పి వచ్చేవారు. అలా చెబితే ఏదో దొరకని సరుకని జనానికి అనిపించేదేమో, బుల్లెమ్మ బుట్ట పదింటికల్లా ఖాళీ అయ్యేది.

ఎదురింటి మోహన్‌కృష్ణ ఇంకా పెద్ద గండం. కాంట్రాక్టరు, పై అంతస్తు కడుతున్నాడు. సరిగ్గా మా కిటికీకి ఎదురుగా టైల్స్ కోసే మిషను పెట్టాడు.

"అంకుల్, తొండ కోసం పని ఆపమంటారా? నవ్వుతారు."

"ఆపొద్దు నాన్నా. మిషను నీ ఇంటి వెనక్కి మార్చుకో. సాయంత్రం నాలుగు తర్వాత కోసుకో. పొద్దుటిపూట మీవాళ్ళు అతికించే పని చేసుకోవచ్చు కదా."

"నీళ్ళు పోస్తూ కోయాలి, వెనక కనెక్షను లేదు అంకుల్."

ఎండలు ముదిరితే మాకు రెండు మూడు రోజులకోసారి నీళ్ళు వస్తాయి. మామగారు అయినా ఆలోచించలేదు. మా పెరటి టాంకు నుంచి పైపు వేయించి, వాళ్ళ వెనక్కి నీళ్ళిచ్చారు. మోహన్‌కృష్ణ ఆ పైపును చూసి, ఆ పూటే మిషను మోయించేశాడు. తర్వాత వాడే ఎవరైనా మేస్త్రీ గట్టిగా మాట్లాడితే, "అరే, ఆహిస్తా, బడాబాబు" అని కసిరేవాడట.

వీధి అలవాటు పడిపోయింది. పిల్లలు స్కూలు నుంచి వస్తూ కిటికీ దగ్గర మునివేళ్ళ మీద నడిచేవారు. గురునాథంగారు రోజూ ఒక నోటు పుస్తకంలో ఎండ ఎంత, మట్టి తడి ఎంత అని రాసుకునేవారు. తొట్టి పక్కన మామగారు విసనకర్ర పట్టుకుని కూర్చునేవారు. బుల్లెమ్మ బేరం ఉన్న కాస్తసేపు తప్పితే, మధ్యాహ్నం మూడుదాకా కుర్చీ వదిలేవారు కాదు.

ఏప్రిల్ మొదటి వారం. డ్యూటీ దిగి, బస్సు దిగి వస్తుంటే మలుపు దగ్గర బుల్లెమ్మ పలకరించింది.

"ఏటమ్మా, ఇంకెన్నాళ్ళు నన్నీ మూల కూకోబెడతారు? తొండేమో శివరాత్రికే లేచి ఎల్లిపోనాది."

నేను ఆగిపోయాను. "ఎవరు చెప్పారు?"

"ఎవలో సెప్పడమేటి, నా కళ్ళతో సూసినాను. మొండి తోక. గోడ మీద కూకుని తలూపతంది. బాబుగారూ సూసినారు. ఎవలికీ సెప్పకు బుల్లెమ్మా అన్నారు." అంటూనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "సెప్పేసినాను గావాల."

ఇంటికి వచ్చేసరికి మామగారు ఖాళీ తొట్టి పక్కన విసనకర్రతో కూర్చుని ఉన్నారు. మట్టి మీద నీళ్ళు చిలకరిస్తున్నారు. నన్ను చూసి, చప్పుడు చేయొద్దన్నట్టు వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. నేను మునివేళ్ళ మీద వంటింట్లోకి వెళ్ళాను.

"అత్తయ్యగారూ, తొట్టిలో తొండ ఉందా?"

ఆవిడ స్టవ్వు ఆర్పేశారు. నవ్వు ఆపుకుందామని చూసి, కుదరక పీట మీద కూర్చున్నారు.

"లేదమ్మా. నెల దాటింది."

"మరి ఆ కాపలా ఏమిటి?"

"ఆ కిటికీ ఎవరిదే?"

నాది. నేను పగలు పడుకునే గది.

కిందటేడు నైట్ డ్యూటీలు గుర్తొచ్చాయి. పగలు రెండు గంటలు కూడా నిద్రపట్టేది కాదు. ఒకరోజు బస్సులో టికెట్ ఇవ్వబోయిన కండక్టరుతో, "చొక్కా చెయ్యి పైకి మడవండి, బీపీ చూడాలి" అన్నాను. ఈసారి మాత్రం మంచం మీద వాలితే మళ్ళీ మధ్యాహ్నం మూడింటికే మెలకువ. ఉదయ్ వేయించిన మందపాటి పరదాల మహిమ అనుకున్నాను. ఫోన్లో ఆయన్ని మెచ్చుకున్నాను కూడా. ఆయనా ఒప్పేసుకున్నారు.

"నాతో ఒక మాట చెప్పొచ్చు కదా అత్తయ్యగారూ. వీధిలో వాళ్ళకైనా, కోడలు పడుకుందని చెబితే సరిపోయేది."

"ఎలా చెబుతారు? నీ నిద్ర ఊసు ఎవరి దగ్గరా ఎత్తనని నీకు మాటిచ్చారట. పైగా, కోడలు పడుకుంది చప్పుడు చేయకండి అంటే, వీధి వీధంతా కోడలు పగలు పడుకోవడం గురించే మాట్లాడుకుంటుంది. తొండ పడుకుంటే ఎవరికేం అభ్యంతరం అన్నారు." ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు, నవ్వీ నవ్వీ. "నిజంగా మొదట తొండ కోసమేనమ్మా. కిటికీ కిందికి మార్చినప్పటి నుంచి ఇద్దరి కోసమూ. శివరాత్రి నుంచి నీ ఒక్కదాని కోసం."

నేను ముఖం కడుక్కుని తొట్టి దగ్గరికి వెళ్ళాను. దండం పెడితే ఆయన కంగారుపడతారు. చివరికి గుసగుసగా అడిగాను.

"మామయ్యగారూ, బడాబాబు ఇంకా ఎన్నాళ్ళు పడుకుంటాడంటారు?"

ఆయన పెంకు వైపు చూసి, వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "పదిహేనో తారీకు దాకా."

"నా నైట్ డ్యూటీలూ పదిహేనుకే అయిపోతాయి."

"అలాగా?" అన్నారు మామగారు, విసనకర్ర ఆపకుండా. "నాకు తెలియదు సుమా. వెళ్ళి పడుకో, ఎండెక్కుతోంది."

పడుకున్నాను. ఆ రోజు మాత్రం వెంటనే నిద్ర పట్టలేదు. కిటికీ అవతల విసనకర్ర చప్పుడు వింటూ చాలాసేపు ఉన్నాను.

పదహారో తారీకు పొద్దున్న వీధి వీధంతా మా గేటు దగ్గర చేరింది. గురునాథంగారు నోటు పుస్తకం తెచ్చుకున్నారు. మామగారు పెంకు తీసి, కొబ్బరి పీచు తీసి, చెంచాతో మట్టి కొంచెం కొంచెంగా తోడారు. అడుగు దాకా ఏమీ లేదు.

"లేచి వెళ్ళిపోయినట్టున్నాడు" అన్నారు ఆశ్చర్యంగా.

"ఎప్పుడు లేచాడంటావు?" అని గురునాథంగారు కలం తీశారు.

"ఇవాళ పొద్దున్నే అయి ఉంటుంది."

గురునాథంగారు ఎనభై ఐదు రోజులని రాసుకుని, కింద గీత గీశారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. బుల్లెమ్మ నా వైపు చూడకుండా ఆకాశం వైపు చూసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మూడు నెలల తర్వాత ఆ వీధిలో అదే మొదటి చప్పుడు.

ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. మోహన్‌కృష్ణ మిషను ముందుకు తెచ్చుకున్నాడు. బుల్లెమ్మ దాచిపెట్టుకున్న కేకలన్నీ ఒక్క పూటలో వేసేసింది. నాలుగిళ్ళ కుక్కర్లు ఒకేసారి కూశాయి. అత్తగారు టీవీ పూర్తిగా పెంచేశారు. ఆ రోజు నాకు సెలవు. ముందు గదిలో కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. మామగారు రెండు చెవులూ మూసుకుని లోపలికి వచ్చి, మూడు నెలల తర్వాత మొదటిసారి గొంతెత్తి మాట్లాడారు.

"ఈ గోలలో మనిషన్నవాడు పగటిపూట ఎలా పడుకుంటాడమ్మా?"

నేను తలెత్తాను. "మనిషా, మామయ్యగారూ?"

ఆయన ఒక్క క్షణం కిటికీలోంచి బయటికి చూశారు.

"తొండ" అన్నారు. "నేను తొండ అనే అన్నాను. ఈ చప్పుడులో నీకు సరిగ్గా వినబడి ఉండదు."